30 మీటర్ల నీళ్లు: హైస్కూలు పిల్లలకు కుష్ఠు చరిత్ర చెప్పడం

(విశాఖపట్నంలో హైస్కూలు సాంఘిక, జీవశాస్త్ర ఉపాధ్యాయుల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సోషల్ మాస్టార్లు, బయాలజీ టీచర్లు ఒకే గదిలో కూర్చుని ఒకే పాఠం గురించి మాట్లాడుకోవడం తక్కువ. ఈ పాఠానికి ఇద్దరూ కావాలి. సోషల్ వాళ్లు ఒక్కరే చెబితే అది అయ్యో పాపం కథగా మిగిలిపోతుంది. బయాలజీ వాళ్లు ఒక్కరే చెబితే సూక్ష్మజీవి పేరు, మందు పేరు, ఒక మార్కు ప్రశ్న, అంతే.

ఏటా జనవరి 30న గాంధీ గారి వర్ధంతి రోజున కుష్ఠు వ్యతిరేక దినం కూడా జరుపుతాం. ప్రార్థన సమయంలో ప్రతిజ్ఞ చదివిస్తాం, పిల్లలు వల్లిస్తారు, క్లాసులకి వెళ్లిపోతారు. "వివక్ష చూపను" అని చెప్పిన పిల్లవాడే మధ్యాహ్నం తోటివాడి మీద కోపం వస్తే ఆ రోగం పేరుతోనే తిడతాడు. వాడి తప్పు కాదు. వివక్ష అంటే ఏమిటో, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద సంతకం పెట్టి చేశారో మనం చెప్పలేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కుష్ఠు మీద ఇచ్చిన ఆదేశాల్లో, బడి పాఠ్యాంశాల్లో ఈ విషయం ఉండాలని కూడా ఉంది. కాబట్టి ఇది మనం దయతో చేసే అదనపు పని కాదు.

నా ప్రతిపాదన నాలుగు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. మొదట జీవశాస్త్రం, తర్వాత చట్టం, ఆ తర్వాత దీవులు, చివర ఈనాటి సంగతి. ఈ వరస మార్చకండి. చట్టం ముందు చెబితే పిల్లలు "అంటురోగం కదా, వేరుగా పెట్టకపోతే ఎలా?" అంటారు. వాళ్ల దగ్గర ఉన్న సమాచారానికి ఆ ప్రశ్న సబబే. ఆ రోగం ఎంత నెమ్మదిగా, ఎంత కష్టం మీద అంటుకుంటుందో ముందే తెలిస్తే, అప్పుడు చట్టం చదివి "మరి ఇదెందుకు?" అని అడుగుతారు. మనకి కావాల్సింది ఆ ప్రశ్న.

మొదటి పీరియడ్‌లో అందరూ చేసే పొరపాటు ఫోటోలు. ఇంటర్నెట్‌లో వెతికి, వేళ్లు అరిగిన చేతులు, ముక్కు కుంగిన ముఖాలు ప్రొజెక్టర్ మీద వేస్తారు. పిల్లలు ముఖాలు తిప్పుకుంటారు, వెనక బెంచీలో ఎవరో నవ్వుతారు, ఆ తర్వాత మీరేం చెప్పినా వాళ్లకి ఆ బొమ్మే గుర్తుంటుంది. పైగా అది ఈనాటి రోగి బొమ్మ కాదు. ఈరోజు కొత్తగా గుర్తించే వారిలో ఎక్కువమందికి ఉండేది ఒంటి మీద స్పర్శ తెలియని ఒక మచ్చో, కొన్ని మచ్చలో. వైకల్యం ఫోటో ఒక్కటి కూడా వద్దు. ఈ మాట మీద నేను రాజీ పడను.

ఫోటో బదులు ఒక లెక్క ఇవ్వండి. కుష్ఠు కలిగించేది మైకోబాక్టీరియం లెప్రే. క్షయ క్రిమికి దాయాది. ఇది ఒకటి రెండు కావడానికి 12 నుంచి 14 రోజులు పడుతుంది. మన పేగుల్లో ఉండే ఈ-కోలై బాక్టీరియాకి అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలు చాలు. 14 రోజుల్లో ఎన్ని 20 నిమిషాలు ఉన్నాయో పిల్లల్నే గుణించమనండి: 1008. ఇది ఒక్కసారి చీలేలోపు అది వెయ్యి తరాలు దాటుతుంది. అందుకే కుష్ఠు క్రిమి ఒంట్లో చేరాక లక్షణం బయటపడడానికి సగటున 5 ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి 20 ఏళ్లు కూడా. చాలాకాలం దగ్గరగా మెలిగితే, మందు వాడని రోగి ముక్కు, నోటి తుంపర్ల ద్వారా సోకవచ్చు. అయినా నూటికి 95 మందికి పైగా జనానికి సహజంగానే దీన్ని తట్టుకునే శక్తి ఉంది. మందు మొదలుపెట్టాక రోగి ఇంకొకరికి అంటించడు.

ఇక్కడ చరిత్రకి ఒక తలుపు తెరుచుకుంటుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో 5 ఏళ్ల తర్వాత, 20 ఏళ్ల తర్వాత ఎవరు చెప్పగలరు? మశూచి అయితే పక్కింటి నుంచి వచ్చిందని రెండు వారాల్లో తెలిసేది. దీనికి కారణం కనపడేది కాదు. కారణం కనపడని చోట మనిషి పాపాన్నో, పూర్వజన్మనో, రక్తాన్నో తెచ్చి పెడతాడు. వైద్యులూ దీనికి మినహాయింపు కాదు. 19వ శతాబ్దంలో నార్వేలోని బెర్గెన్‌లో ఈ రోగం మీద గొప్ప పండితుడు డానియెల్సెన్ ఇది వంశపారంపర్యం అన్నాడు. 1873లో ఆయన అల్లుడు గెర్హార్డ్ ఆర్మావర్ హాన్సెన్ రోగుల కణజాలంలో సూక్ష్మజీవిని చూసి, మామగారి సిద్ధాంతాన్ని కాదన్నాడు. పిల్లలకి ఈ ముక్క చాలా నచ్చుతుంది. కానీ అక్కడ ఆపకండి. క్రిమి అంటుతుందని రుజువు చేయాలన్న తొందరలో హాన్సెన్ ఒక రోగి కంటిలో, ఆమెను అడగకుండా, మరో రోగి నుంచి తీసిన పదార్థాన్ని ఎక్కించాడు. విషయం కోర్టుకి వెళ్లింది. 1880లో హాన్సెన్‌కి ఆసుపత్రి వైద్యుడి పదవి పోయింది. హాన్సెన్ పేరు మీదే నేడు ఈ వ్యాధిని పిలుస్తారు. ఆ స్త్రీ అనుమతి లేకుండా జరిగిందని తీర్పు చెప్పింది కూడా ఆయన దేశం నార్వేయే. రెండూ చెప్పాలి.

వేళ్లు రాలిపోతాయన్న నమ్మకం గురించి. క్రిమికి చల్లటి చోట్లు ఇష్టం. ఒంటి లోపలి 37 డిగ్రీలు దానికి ఎక్కువ. అందుకే చర్మం, ముక్కు, చెవి తమ్మెలు, చర్మానికి దగ్గరగా పోయే నరాలు దాని స్థావరాలు. నరం దెబ్బతింటే స్పర్శ పోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పడానికి పిల్లల్ని ఒకటే అడగండి: "చెప్పులో చిన్న రాయి పడితే ఏం చేస్తావు?" రెండడుగులు వేసి దులిపేస్తాం అంటారు. రాయి ఉందని తెలియనివాడు సాయంత్రం దాకా నడుస్తాడు. పుండు పడుతుంది, నొప్పి లేదు కాబట్టి మర్నాడూ నడుస్తాడు, చీము పడుతుంది, ఎముకకి పాకుతుంది. వేడి గిన్నె పట్టుకుంటాడు. రాత్రి ఎలుక కొరికినా తెలియదు. వేళ్లు కురచవడానికి ఇవి కారణాలు. 1940ల చివర వెల్లూరులో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఈ సంగతి ఓపిగ్గా గమనించి, పని చేయని కండరాల బదులు వేరే కండరాల స్నాయువుల్ని మార్చి, ముడుచుకుపోయిన వేళ్లని మళ్లీ తెరిచే శస్త్రచికిత్సల్ని తీర్చిదిద్దాడు. అరికాలికి మెత్తటి రబ్బరు చెప్పులు కూడా ఆ ఆలోచనలోంచే. చెప్పు ఒక వైద్య పరికరం అని పిల్లలకి చెప్పండి.

స్పర్శ పోవడం ఎలా ఉంటుందో "నటించి చూపించే" ఆటలు మాత్రం పెట్టకండి. గ్లవ్స్ తొడిగి, వేళ్లు ముడిచి నడవమంటే మొదటి నిమిషంలోనే వెక్కిరింత అవుతుంది. చెప్పులో రాయి ప్రశ్న చాలు.

మాటల దగ్గర ఒక పది నిమిషాలు ఆగాలి. మన ఇళ్లలో "పెద్దరోగం", "మహారోగం" అంటారు. పేరు చెప్పడానికే భయపడి పెట్టిన పేర్లు ఇవి. పాత ఆయుర్వేద గ్రంథాల్లో కుష్ఠం అనే మాట కింద 18 రకాల చర్మవ్యాధులు వస్తాయి, ఒక్క ఈ రోగం కాదు. బైబిలు పాత నిబంధనలో కుష్ఠు అని అనువదించిన హీబ్రూ మాట కూడా రకరకాల చర్మ మచ్చలకి, బట్టల మీద బూజుకి కూడా వాడినదే. బొల్లిని కొందరు శ్వేతకుష్ఠు అంటారు. ఆ పేరు వల్ల ఎంతమంది బొల్లి ఉన్న ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోయాయో ఈ గదిలో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. బొల్లి క్రిమి వల్ల రాదు, ఎవరికీ అంటదు, సున్నం పూసినంత తెల్లగా ఉంటుంది, గిల్లితే నొప్పి తెలుస్తుంది. కుష్ఠు మచ్చ పూర్తిగా తెల్లబడదు. రంగు కాస్త తగ్గుతుంది, లేదా ఎర్రబారుతుంది. దురద పెట్టదు, స్పర్శ తగ్గుతుంది. ఈ తేడా బోర్డు మీద రాయండి.

అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకుంటే చర్మవ్యాధులు పోతాయని నమ్మే కుటుంబాలు మన ఉత్తరాంధ్ర అంతటా ఉన్నాయి. కృష్ణుడి కొడుకు సాంబుడు శాపం వల్ల కుష్ఠు తెచ్చుకుని సూర్యుణ్ణి కొలిచి బాగుపడ్డాడన్న కథ పిల్లలు ఇంట్లో విని ఉంటారు. ఆ కథని తరగతిలో కొట్టిపారేయకండి. కొట్టిపారేస్తే పిల్లవాడు ఇంట్లో అమ్మమ్మ మాటకి, బడిలో మీ మాటకి మధ్య చిక్కుకుని, అమ్మమ్మ వైపే వెళ్తాడు. ఆ కథలో సాంబుడు చివరికి బాగయ్యాడు, ఇంటికి వచ్చాడు అన్న మాట పట్టుకోండి. మొక్కు మొక్కుకోవచ్చు, మందు మాత్రం మానకూడదు అని చెప్పండి.

రెండో పీరియడ్‌కి ఒక్క కాగితం కావాలి. 1898 నాటి లెపర్స్ చట్టంలో రెండు మూడు సెక్షన్ల తెలుగు సారాంశం, ఐదుగురికి ఒక జిరాక్స్ కాపీ. ఆ చట్టంలో ఒక ప్రత్యేకమైన మాట ఉంది: "పాపర్ లెపర్", అంటే నిరుపేద కుష్ఠు రోగి. బహిరంగంగా అడుక్కునేవాడు, లేదా బతుకుతెరువు కనపడకుండా తిరిగేవాడు. అతన్ని పోలీసు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వైద్య ఇన్‌స్పెక్టర్ ముందుకి తీసుకెళ్తారు, రోగం ఉందని ఆయన ధ్రువపత్రం ఇస్తే మేజిస్ట్రేటు ఆశ్రమానికి పంపవచ్చు. మరో సెక్షన్ కింద నోటిఫై చేసిన ప్రాంతాల్లో రోగి తిండి పదార్థాలు, మందులు, బట్టలు అమ్మకూడదు. ఊరి బావిలో, చెరువులో నీళ్లు తోడకూడదు, స్నానం చేయకూడదు, బట్టలు ఉతకకూడదు. రైలు పెట్టె తప్ప అద్దె బండి ఎక్కకూడదు.

పిల్లలు ఇది చదివాక ఒకే ఒక్క ప్రశ్న వేసి పది నిమిషాలు మౌనంగా ఉండండి: ఇదే రోగం ఉన్న జమీందారుని ఈ చట్టం పట్టుకుంటుందా? పట్టుకోదు. ఇంట్లో కూర్చుని తినగలిగేవాణ్ణి పోలీసు ముట్టుకోడు. క్రిమికి డబ్బున్న ఒళ్లు, డబ్బులేని ఒళ్లు అనే తేడా లేదని నిన్ననే బయాలజీలో చెప్పాం. మరి చట్టానికి ఎందుకు ఉంది? బావి సెక్షన్ దగ్గర మీరేం చెప్పనక్కర్లేదు. ఊరి బావి దగ్గరకి ఎవరెవర్ని రానివ్వలేదో మన పిల్లలకి తెలుసు. ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అన్నాక దాన్ని దాటవేయకండి.

ఆ చట్టం వెనక ఉన్న క్రమం కూడా చెప్పాలి. 1889లో హవాయి దీవుల్లో కుష్ఠు రోగులకి సేవచేస్తూ ఫాదర్ డామియన్ అదే రోగంతో చనిపోయాడు. ఆ వార్త ఐరోపా అంతా భయాన్ని రేపింది. లండన్‌లో నిధి పోగు చేసి, 1890-91లో భారతదేశానికి ఒక లెప్రసీ కమిషన్‌ని పంపారు. వాళ్లు దేశం తిరిగి చూసి, ఈ రోగం అంటుకునే శక్తి తక్కువ, అందర్నీ బలవంతంగా వేరుచేయాల్సిన పని లేదన్నారు. అయితే పట్నాల్లో రోగులు అడుక్కోవడాన్ని, తిండి అమ్మడాన్ని ఆపాలని కూడా వాళ్లే అన్నారు. వాళ్లని పంపిన లండన్ కమిటీలో చాలామందికి మొదటి మాట రుచించలేదు. 1897లో బెర్లిన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కుష్ఠు మహాసభ వేరుచేయడాన్నే సిఫారసు చేసింది. మరుసటి ఏడు మన చట్టం వచ్చింది. సైన్సు చెప్పిన మాటల్లోంచి ప్రభుత్వం తనకి కావాల్సింది ఏరుకుంటుందని పదో తరగతి పిల్లలకి బాగానే అర్థమవుతుంది. వాళ్లని తక్కువ అంచనా వేయకండి.

ఈ పీరియడ్‌లో జరిగే పొరపాటు ఇంకోటుంది. "బ్రిటిష్ వాళ్లు దుర్మార్గులు" అన్న మాటతో పాఠం ముగిసిపోతుంది. అప్పుడు బోర్డు మీద రెండు సంవత్సరాలు రాయండి: 1947, 2016. పార్లమెంటు లెపర్స్ చట్టాన్ని రద్దు చేసింది 2016లో. మధ్యలో ఉన్న 69 ఏళ్లు ఆ చట్టం ఎవరిది? 1955 హిందూ వివాహ చట్టం మనం రాసుకున్నదే. భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే విడాకులు అడగవచ్చని అందులో ఉండేది. దాన్ని, అలాంటి మరో నాలుగు చట్టాల్లోని నిబంధనల్ని తీసేసింది 2019లో. పక్కనున్న ఒడిశాలో ఓట్లు వేయించుకుని గెలిచిన మున్సిపల్ ప్రతినిధి ఒకరు కుష్ఠు కారణంగా పదవికి అనర్హుడయ్యారు. 2008లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది. అదే కోర్టు 2018లో వివక్ష పోవాలని ఆదేశాలిచ్చింది. కోర్టులు మనసు మార్చుకోగలవని కూడా పిల్లలు తెలుసుకోవాలి.

మూడో పీరియడ్ వరండాలో పెట్టుకోండి. 16 మీటర్ల నైలాన్ తాడు, బట్టలకి పెట్టే క్లిప్పులు ఒక డజను, అట్టముక్కలు. ఒక సంవత్సరానికి 10 సెంటీమీటర్లు. ఒక చివర 1865, అక్కణ్ణించి 15.4 మీటర్ల దగ్గర 2019. పిల్లలే టేపుతో కొలిచి అట్టలు తగిలించాలి. 1865లో హవాయి రాజ్యం కుష్ఠు వ్యాప్తి నివారణ చట్టం చేసింది. 1873 హాన్సెన్. 1898 మన చట్టం. 1907లో జపాన్ మొదటి చట్టం. 1941లో అమెరికాలో లూసియానా రాష్ట్రం కార్విల్ ఆసుపత్రిలో ప్రోమిన్ అనే సల్ఫోన్ జాతి మందు ఇంజెక్షన్ మొదటిసారి పనిచేసింది. కొన్నేళ్లకే అదే జాతి మందు డాప్సోన్ చవకైన మాత్రగా వచ్చింది. తమిళనాడు చెంగల్పట్టులో డాక్టర్ కాక్రేన్ సల్ఫోన్లని తొలిరోజుల్లోనే వాడి చూశాడు. 1960లలో డాప్సోన్‌కి లొంగని క్రిములు బయటపడ్డాయి. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇవ్వమంది, ఎండీటీ అని మనం పిలిచేది అదే. 1969లో హవాయిలో నిర్బంధం ముగిసింది. జపాన్‌లో 1996. మనకి 2016.

ఇప్పుడు పిల్లలు తాడు మీద మందుకీ రద్దుకీ మధ్య దూరం కొలవాలి. హవాయిలో 1941 నుంచి 1969కి 2.8 మీటర్లు. జపాన్‌లో 5.5 మీటర్లు. మనకి ఎండీటీ నుంచి లెక్కేసినా 3.4 మీటర్లు. ఆ దూరం మీద పిల్లల్ని నడవమనండి. మందు వచ్చాక కూడా తలుపు తెరవని కాలం అది. ఉపన్యాసంలో "దశాబ్దాల తరబడి" అంటే చెవిన పడదు. అడుగులేస్తే పడుతుంది. ఇప్పటి పదో తరగతి పిల్లలు 2016 నాటికి పుట్టేసి ఉన్నారు. వాళ్ల పుట్టిన ఏడు కూడా తాడు మీద తగిలించమనండి.

జపాన్ దగ్గర ఎక్కువసేపు ఉండమని అడుగుతాను, ఎందుకంటే అక్కడ ఒక హైస్కూలు ఉండేది. ఒకయామా తీరంలో నగషిమ అనే దీవి. 1930లో అక్కడ తొలి జాతీయ కుష్ఠు నిర్బంధాలయం తెరిచారు. ఒడ్డుకి, దీవికి మధ్య సన్నటి చోట నీళ్లు దాదాపు 30 మీటర్లు. ఆటస్థలంలో 30 మీటర్లు కొలిచి రెండు సున్నపు గీతలు గీయించండి. క్రికెట్ పిచ్‌కి ఒకటిన్నర రెట్లు. ఇటు నించున్నవాళ్లకి అటు నించున్నవాళ్ల ముఖాలు తెలుస్తాయి, కేకేస్తే వినపడుతుంది. ఆ 30 మీటర్ల మీద వంతెన వచ్చింది 1988లో. అదీ లోపలున్నవాళ్లు ఏళ్ల తరబడి అడిగితే. విశాఖ పిల్లలకి సముద్రం అంటే ఆడుకునే చోటు. అదే సముద్రాన్ని గోడగా వాడుకోవచ్చన్నది వాళ్లకి కొత్తగా తెలిసే విషయం.

లోపలికి వెళ్లినవాళ్లు కుటుంబానికి చెడ్డపేరు రాకూడదని పేరు మార్చుకునేవారు. పెళ్లి చేసుకోవాలంటే మగవాళ్లకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేవారు. చనిపోయాక అస్థికలు తీసుకెళ్లడానికి చాలామంది బంధువులు రాలేదు, అవి దీవిలోనే ఉండిపోయాయి. ఆ దీవిలోనే 1955లో రోగులైన పిల్లల కోసం హైస్కూలు తెరిచారు, 1987 దాకా నడిచింది. అప్పటికే మందు ఉంది గుర్తుంచుకోండి. ఉపాధ్యాయులు తెల్లకోట్లు వేసుకుని వచ్చేవారు. విద్యార్థులు స్టాఫ్ రూమ్‌లోకి అడుగుపెట్టకూడదు. మాస్టారితో పని ఉంటే బయట బెల్ నొక్కి పిలవాలి. ఇది మన వృత్తివాళ్లు చేసిన పని. ఆ టీచర్లు రాక్షసులు కారు, చదువు చెప్పడానికి దీవికి వచ్చినవాళ్లు. అయినా కోటు వేసుకున్నారు. పిల్లలతో పాటు మనం కూడా ఈ ముక్క దగ్గర ఆగి ఆలోచించాలి.

1996లో చట్టం రద్దయ్యాక మాజీ రోగులు కోర్టుకి వెళ్లారు. 2001 మేలో కుమమోతో జిల్లా కోర్టు ఆ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమంది, ప్రభుత్వం అప్పీలు చేయకుండా క్షమాపణ చెప్పింది. 2019లో రోగుల కుటుంబ సభ్యులు కూడా గెలిచారు. వెలివేత రోగితో ఆగదు, ఇంటిల్లిపాదికీ తగులుతుందని కోర్టు ఒప్పుకున్నట్టు.

హవాయి గురించి క్లుప్తంగా. మొలొకాయ్ దీవిలో కలావుపాపా ద్వీపకల్పం. మూడు వైపుల సముద్రం, నాలుగో వైపు మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ కంటే ఎత్తైన నిటారు కొండ. 1866 జనవరి నుంచి 1969 దాకా దాదాపు 8,000 మందిని అక్కడికి పంపారు, అత్యధికులు స్థానిక హవాయి జాతివారు. అక్కడ పుట్టిన పిల్లల్ని తల్లి దగ్గర ఉండనిచ్చేవారు కాదు. డామియన్ ఒక్కడి కథే చెబితే ఆ 8,000 మంది మసకబారిపోతారు. కుష్ఠు సోకిన కోఒలావు అనే పశువుల కాపరి కథ కూడా చెప్పండి. భార్యని విడిచి వెళ్లనని, పట్టుకోవడానికి వచ్చిన వాళ్లని ఎదిరించి, భార్య పీఇలానీతో, కొడుకుతో లోయలో దాక్కున్నాడు. కొడుకు, భర్త అక్కడే చనిపోతే పీఇలానీ ఒక్కతే తిరిగొచ్చింది. తన కథని తన భాషలోనే చెప్పింది, 1906లో అచ్చయింది. కార్విల్‌లో రోగులు సొంతంగా పత్రిక నడిపి, పోయిన ఓటు హక్కు 1946లో తిరిగి సాధించుకున్నారు. ఈ కథలు లేకపోతే పిల్లలకి రోగులంటే కేవలం ఎవరో వచ్చి కాపాడాల్సినవాళ్లుగా మిగులుతారు.

కెమిస్ట్రీ మీద ఇష్టమున్న ఆడపిల్లల కోసం ఒక పేరు: ఆలిస్ బాల్. మందులు లేని రోజుల్లో మన దేశంలో అనాదిగా వాడిన చాల్‌మోగ్రా నూనె ఒక్కటే ఆధారం. చేదు, తాగితే వాంతి, ఇంజెక్షన్ ఇస్తే చర్మం కింద గడ్డకట్టేది. హవాయిలో ఆమె ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాల్ని ఇథైల్ ఎస్టర్లుగా మార్చి ఒంట్లో కలిసిపోయేలా చేసింది. 1916 చివర 24 ఏళ్లకే చనిపోయింది. ఆమె పనిని ఆమె పేరు లేకుండా మరొకరు ప్రచురించుకున్నారు. ఎస్టర్ అంటే ఏమిటో పరీక్ష కోసం బట్టీపట్టే పిల్లలకి ఆ మాట ఇలా ఎదురైతే మరచిపోరు.

నాణేల సంగతి కూడా ఐదు నిమిషాలు. కొలంబియాలోని అగ్వా దె డియోస్‌లో 1901లో, ఫిలిప్పీన్స్‌లోని కులియాన్ దీవిలో 1913లో రోగుల కోసం వేరే నాణేలు ముద్రించారు. చేతులు మారిన డబ్బుతో రోగం బయటికి వస్తుందని భయం. ఆ నాణెం బయట చెల్లదు. చెల్లని నాణెంతో ఎవరూ పారిపోలేరు కూడా. ఈ రెండో ఉపయోగాన్ని పిల్లలే కనిపెట్టాలి, మీరు ముందే చెప్పేయకండి.

ఇందాక ఒక మేడమ్ చీటీ పంపారు: "కరోనాలో మనమూ ఐసోలేషన్ చేశాం కదా, అది కూడా తప్పేనా అని పిల్లలు అడిగితే?" తప్పకుండా అడుగుతారు, అడగాలి. ఈ పిల్లలు చిన్నప్పుడు వీధి చివర కట్టిన కర్రల్ని చూసినవాళ్లు. కరోనా కొద్ది రోజుల్లోనే అంటుతుంది, కొద్ది రోజుల్లోనే పోతుంది. వేరుగా ఉండమన్నది 7 రోజులో 14 రోజులో, ఆ తర్వాత ఇంటికి. రోగికి ఎప్పుడు బయటికి వస్తాడో తెలుసు. కుష్ఠు నిర్బంధానికి తేదీ లేదు, చాలామందికి అది జీవితాంతం. పేదవాడికే ఎక్కువ వర్తించింది. మందు వచ్చాకా, అంటదని తెలిశాకా కూడా ఆగలేదు. కాబట్టి వేరుచేయడం ఎప్పుడూ తప్పు అని చెప్పకండి. ఎంతకాలం, ఏ ఆధారంతో, ఎవరిని, బయటికి దారి ఏది అని అడగడం నేర్పండి. కరోనాలో కూడా కోలుకున్నవాళ్లకి ఇల్లు అద్దెకివ్వని సందర్భాలుంటే పిల్లలే చెబుతారు.

నాలుగో పీరియడ్ ఈనాటిది. 2005 డిసెంబరులో దేశం మొత్తమ్మీద 10,000 మందికి ఒకరికంటే తక్కువ రోగులున్న స్థాయికి వచ్చాం. దాన్ని "నిర్మూలన" అన్నారు. ఆ మాట విని చాలామంది రోగం పోయిందనుకున్నారు. పోలేదు. నేటికీ మన దేశంలో ఏటా దాదాపు లక్ష కొత్త కేసులు, ప్రపంచంలో సగానికి పైగా ఇక్కడే. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మచ్చలున్నాయా అని అడిగే సర్వే పిల్లలు చూసే ఉంటారు. సాలూరులో కుష్ఠు కోసమే పుట్టిన ఆసుపత్రి నేటికీ ఉంది. దేశంలో కోలుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు ఉండే కాలనీలు ఏడువందలకు పైగానే ఉన్నాయి.

ఆ కాలనీలకి బస్సు వేసుకుని వెళ్లే ఆలోచన వద్దు. అరవై మంది పిల్లలు దిగి, పళ్లు, రొట్టెలు పంచి, ఫోటో తీసుకుని ఎక్కేస్తే, మూడు పీరియడ్లుగా మనం చెప్పిందంతా తలకిందులవుతుంది. అక్కడివాళ్లు చూడ్డానికి పెట్టిన వస్తువులైపోతారు. కోలుకున్న వ్యక్తి మాట్లాడడానికి ఇష్టపడితే బడికే పిలవండి. రానూపోనూ ఖర్చు, మిగతా అతిథి ఉపన్యాసకులకి ఇచ్చేంత గౌరవ పారితోషికం ఇవ్వండి. ప్రశ్నలు ముందురోజే రాయించి ఆయనకో ఆమెకో చూపించండి, వద్దన్న ప్రశ్న తీసేయండి. ఫోన్లు పక్కన పెట్టించండి. స్టాఫ్ రూమ్‌లో, మీరు తాగే గ్లాసుల్లోనే టీ ఇవ్వండి. అదే పీరియడ్‌లో పాత మాటల బదులు "కుష్ఠు సోకిన వ్యక్తి", "కోలుకున్న వ్యక్తి" అనడం అలవాటు చేయండి. చట్టం పేరులో పాత మాట ఉంటుంది కదా అని పిల్లలు అడిగితే, చరిత్ర కాగితాన్ని దిద్దం, మన నోటిని దిద్దుకుంటాం అని చెప్పండి.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. ఈ పాఠం చెప్పిన వారంలో ఎవరో ఒక పిల్ల బెల్ కొట్టాక ఆగి, "టీచర్, నాకు ఇక్కడ మచ్చ ఉంది" అంటుంది. అందుకు ముందే సిద్ధంగా ఉండండి. తరగతిలో పిల్లలు ఒకరినొకరు పెన్నుతో పొడిచి పరీక్షించుకోకుండా మొదటి రోజే గట్టిగా చెప్పాలి, లేకపోతే మధ్యాహ్నానికి ఎవరికో పేరు పెట్టేస్తారు. మీరూ పరీక్షించకండి. చాలా మచ్చలు తామరో, పోషకాహార లోపమో, బొల్లో అయి ఉంటాయి. ఇంట్లో పెద్దలతో విడిగా మాట్లాడి దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికో, కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగానికో పంపండి. మందు పూర్తిగా ఉచితం. వ్యాధి తీవ్రతని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు. 28 రోజులకి ఒక అట్ట. నెలకొకసారి వేసే మోతాదు ఆరోగ్య కార్యకర్త ఎదుట, మిగతావి రోజూ ఇంట్లో. మధ్యలో మానేయడమే పెద్ద చిక్కు, నెల తిరిగేసరికి అట్ట తెచ్చుకున్నారా అని నెమ్మదిగా అడుగుతుండండి.

బడి మాననవసరం లేదు, బెంచీ మార్చనవసరం లేదు. హాజరు పట్టీలో, స్టాఫ్ రూమ్ మాటల్లో ఆ పేరు రానివ్వకండి, హెడ్‌మాస్టారు తప్ప మరెవరికీ తెలియాల్సిన పని లేదు. నెల మోతాదు వేసిన రోజు అందులోని రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది, ఆ పిల్ల రక్తమనుకుని భయపడుతుంది, ముందే చెప్పి ఉంచండి. క్లోఫాజిమిన్ అనే మరో మందు వల్ల కొన్నాళ్లకి ఒళ్లు నల్లబడుతుంది. "నువ్వెందుకు నల్లబడ్డావు?" అని స్నేహితురాళ్లు అడుగుతారు. "మందు వేసుకుంటున్నాను, అయిపోయాక తగ్గిపోతుంది" అన్న జవాబు ఆ పిల్ల దగ్గర ముందే ఉండేలా చూడండి. అది నిజం కూడా. కోర్సు పూర్తయిన కొన్ని నెలల్లో ఆ రంగు మెల్లగా విరుగుతుంది.